వెనక్కి వెళ్లే దారి వేసిన గ్యారీ

ఏలూరు ఆర్‌ఆర్ పేటలో ఏ కంప్యూటర్ షాపులోనైనా ఓ గంట కూర్చోండి. పాత సీపీయూ ఒకటి చంకన పెట్టుకుని ఎవరో ఒకరు రాకపోతే అడగండి. పోయిన వారమే కొత్త విండోస్ వేయించుకెళ్లి ఉంటారు. ఇప్పుడు ఆన్ చేసి, వెళ్లి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రావట్లేదు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి వచ్చినవాళ్లయితే బాధ ఇంకో రకం. చేపల లోడు బిల్లులు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను కొత్త విండోస్ గుర్తుపట్టదు. ఎవరొచ్చినా అడిగేది ఒక్కటే, ఇంతకుముందు ఉన్నదే మళ్లీ వేసేయమని.

షాపులో కుర్రాడికి ఇది రోజూ ఉండే పనే. అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే డిస్క్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఇంకా ఉంటుంది. సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి గో బ్యాక్ నొక్కితే పాతది వచ్చేస్తుంది. గడువు దాటితే మాత్రం డేటా పక్కకు తీసి, బూటబుల్ పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ అవుతుండగానే డిలీటో ఎఫ్2నో టకటకా కొట్టి బయాస్‌లోకి వెళ్లాలి. పాతదానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావని, విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయిందని, బ్యాంకు పనులు చేసే సిస్టమ్ అయితే ఆలోచించుకోమని మంచి కుర్రాడైతే ముందే చెబుతాడు. అయినా చాలామంది పాతదే వేయించుకుని వెళ్తారు.

ఈ పని జరిగినంతసేపూ రెండు మాటలు నోట్లో నలుగుతుంటాయి. ఒకటి బయాస్, రెండోది సి డ్రైవ్. కొత్త మెషీన్లలో బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చి చాలా ఏళ్లయినా మనం ఆ మాట వదల్లేదు. ఈ రెండూ ఒకే మనిషి చేతి మీదుగా మన దాకా వచ్చాయి. పేరు గ్యారీ కిల్డాల్. చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన గురించి ఎవరైనా చెబితే, ఐబీఎం వాళ్లు ఇంటికొచ్చిన రోజున విమానం వేసుకుని షికారుకెళ్లి బిల్ గేట్స్‌కి అదృష్టం వదిలేసిన మనిషనే చెబుతారు. మోటివేషన్ క్లాసుల్లో మీరూ వినే ఉంటారు. ఆ కథ సగమే నిజం. అంతకంటే పెద్ద తప్పేంటంటే, ఆ ఒక్క రోజు చెప్పి మిగతా యాభై రెండేళ్లూ వదిలేస్తారు.

గ్యారీ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్‌లో పుట్టాడు. వాళ్లది ఓడలు నడిపేవాళ్లకు దిక్కులూ దారులూ లెక్కగట్టడం నేర్పే స్కూలు నడిపే కుటుంబం. తాత మొదలుపెట్టాడు, తండ్రి నడిపాడు, గ్యారీ కూడా కొన్నాళ్లు అక్కడ పాఠాలు చెప్పాడు. హైస్కూల్లో మార్కులు అంతంతమాత్రం. పాత కార్లు విప్పడం, రేడియో సామాను బాగుచేయడం మీదే ధ్యాస. తర్వాత యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో లెక్కల్లో చేరాడు. లెక్కల మాస్టారు కావాలన్నదే కోరిక. అక్కడ కంప్యూటర్ చూశాక మనసు అటు మళ్లింది. 1963లో డొరతీతో పెళ్లయింది. ఇంట్లో పిల్లలు, మరోపక్క చదువు. వియత్నాం యుద్ధకాలం కాబట్టి నేవీలో పనిచేయడం తప్పలేదు. అయితే ఆ బాధ్యతను కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో పాఠాలు చెప్పి తీర్చుకునే వీలు దొరికింది. అలా మాస్టారయ్యాడు.

ఉద్యోగం చేసుకుంటూనే 1972లో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. దీన్ని చాలామంది ఒక్క లైన్లో దాటేస్తారు గానీ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలోనో ఏలూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోనో సీఎస్‌ఈ చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. కంపైలర్ డిజైన్‌లో డేటా ఫ్లో అనాలిసిస్ అనే చాప్టర్ ఉంటుంది కదా, పరీక్షకు ముందు రోజు రాత్రి చదివేది, ఆ పద్ధతిని ఒక చట్రంలో పెట్టింది ఈయనే. 1973లో వచ్చిన పేపర్ అది. విషయం కష్టమేం కాదు. ప్రోగ్రామ్‌లో ఒకచోటికి రావడానికి నాలుగు దారులున్నాయి అనుకోండి. ఏ దారిన వచ్చినా ఎక్స్ విలువ 5 అయితే, అక్కడ ఎక్స్ బదులు 5 అని పెట్టేయొచ్చు. ఒక్క దారిలో 6 అయినా కుదరదు. ఈ సంగతిని ప్రోగ్రామ్ మొత్తానికీ తిప్పి తిప్పి లెక్కగడుతూ, ఇక ఎక్కడా ఏమీ మారడం లేదన్నప్పుడు ఆపాలి. ఇప్పటికీ కంపైలర్లు కోడ్‌ను చిక్కగా చేసే పనిలో ఈ ఆలోచన ఉంది. కంపైలర్ తప్పు చేయదని గణితంతో రుజువు చేసి కట్టిన కాంప్‌సెర్ట్‌లో ఒక ఫైలు పేరే కిల్డాల్.

1971లో ఇంటెల్ 4004 చిప్ వచ్చింది. గ్యారీ ఒకటి కొనుక్కున్నాడు. నావిగేషన్ లెక్కలు చేసే చిన్న యంత్రం తండ్రికి చేసిపెట్టాలని ఆశ. ఆ చిప్‌కు అంత శక్తి లేదు. కానీ దాంతో ఆడుకుంటూ రాసిన ప్రోగ్రాములు ఇంటెల్ వాళ్లకు నచ్చాయి. వారంలో కొంత సమయం అక్కడ కన్సల్టెంటుగా పనిచేసే అవకాశం వచ్చింది. వాళ్ల కోసం పీఎల్/ఎం అనే భాష తయారుచేశాడు. మైక్రోప్రాసెసర్‌కు మెషీన్ కోడ్‌లోనో అసెంబ్లీలోనో కాకుండా మనిషికి అర్థమయ్యేలా రాసుకునే భాష అప్పటిదాకా లేదు.

ఇబ్బందల్లా నిల్వ దగ్గర వచ్చింది. రాసిన ప్రోగ్రామ్ దాచుకోవాలంటే చిల్లుల కాగితపు టేపే గతి. అప్పుడే ఫ్లాపీ డ్రైవ్‌లు వస్తున్నాయి. షుగార్ట్ కంపెనీ నుంచి, పరీక్షల్లో అరిగిపోయిన ఎనిమిది అంగుళాల డ్రైవ్ ఒకటి గ్యారీకి దొరికింది. డ్రైవ్‌ను కంప్యూటర్‌తో కలిపే కంట్రోలర్ బోర్డు మాత్రం ఎంత తంటాలు పడ్డా ఆయన వల్ల కాలేదు. సాఫ్ట్‌వేర్ మనిషి, సోల్డరింగ్ చేయి తిరగలేదు. యూనివర్సిటీ స్నేహితుడు జాన్ టొరోడి వచ్చి ఆ బోర్డు చేసిపెట్టాడు. ఫ్లాపీ మీద ఫైళ్లు రాసి, చదివి, పేర్లతో గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్ గ్యారీ రాశాడు. 1974లో పసిఫిక్ గ్రోవ్ ఊళ్లోని ఇంట్లో అది పనిచేసింది. దానికి సీపీ/ఎం అని పేరు పెట్టాడు.

ఇంటెల్‌కు చూపిస్తే, భాష తీసుకున్నవాళ్లు దీన్ని మాత్రం వద్దనుకున్నారు. దాంతో గ్యారీ, డొరతీ కలిసి సొంతంగా అమ్మడం మొదలుపెట్టారు. కంపెనీకి మొదట ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అని సరదా పేరు. తర్వాత గెలాక్సీ తీసేసి డిజిటల్ రీసెర్చ్ అన్నారు. రాయడం ఆయన, వ్యాపారం ఆమె. ఈ సంగతి గుర్తుంచుకోండి, విమానం కథలో పనికొస్తుంది.

అసలు మలుపు ఇక్కడుంది. అప్పట్లో కంప్యూటర్ చేసే ప్రతి చిన్న కంపెనీదీ ఒక్కో రకం డిస్క్ కంట్రోలర్, ఒక్కో రకం టెర్మినల్. ఇమ్‌సాయ్ కంపెనీ మా మెషీన్‌కూ సీపీ/ఎం కావాలంది. రేపు ఇంకొకరు అడుగుతారు. ప్రతిసారీ మొత్తం తిరగరాయాలా? విసుగొచ్చి గ్యారీ ప్రోగ్రామ్‌ను నిలువునా కోశాడు. ఫైళ్లు, ఆదేశాల సంగతి చూసే భాగం అన్ని మెషీన్లకూ ఒకటే. హార్డ్‌వేర్‌ను నేరుగా ముట్టుకునే చిన్న ముక్క మాత్రం వేరు. ఆ ముక్కకే బయాస్ అని పేరు పెట్టాడు. పైదంతా ముట్టుకోకుండా, ఆ ముక్క ఒక్కటీ ఎవరి మెషీన్‌కు తగ్గట్టు వాళ్లు రాసుకుంటే చాలు.

మన డెల్టా వాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ఏలూరు కాలువలో నీళ్లు అందరికీ ఒకటే. ఎవరి చేను ఎత్తుపల్లాన్ని బట్టి వాళ్ల తూము, వాళ్ల బోదె వేరు. చేను మారినప్పుడల్లా కాలువ తవ్వం కదా.

ఆ కోతతో వ్యాపారం పెరిగింది. సీపీ/ఎం 1981 నాటికి మూడు వేల రకాల మోడళ్ల దాకా ఎక్కిందని లెక్క. వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ప్రోగ్రాములు ఒకసారి రాస్తే అన్నింటి మీదా నడిచాయి. సీపీ/ఎం తొలి వెర్షన్లు 16 కిలోబైట్ల మెమరీ ఉన్నా నడిచేవి. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకంటే ఎక్కువ బరువుంటుంది.

ఇదే కోత వల్ల ఇంకో సుఖం కూడా వచ్చింది. సిస్టమ్ మెషీన్‌లో అతుక్కుపోలేదు, ఫ్లాపీ మొదటి ట్రాకుల్లో ఉంది. కొత్త వెర్షన్ నచ్చలేదా, ఆ ఫ్లాపీ తీసి పాతది పెట్టి రీసెట్ నొక్కడమే. 1979లో వచ్చిన 2.2 వెర్షన్ అందరికీ నచ్చేసింది. 1983లో సీపీ/ఎం ప్లస్ అని మూడోది వచ్చింది. సదుపాయాలు ఎక్కువే, కానీ అవన్నీ సరిగా అందాలంటే మెమరీ ఎక్కువ కావాలి, బయాస్ కొత్తగా రాసుకోవాలి. చాలామంది 2.2 దగ్గరే ఉండిపోయారు. ఆర్‌ఆర్ పేట షాపులో ఇవాళ జరుగుతున్నది అప్పటికే ఒకసారి జరిగిపోయిందన్నమాట.

వెనక్కి వెళ్లడం అన్నిచోట్లా అంత తేలిక కాదనుకోండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన మన కొల్లేరును పాత స్థితికి తేవాలని 2006లో ఐదో కాంటూరు లోపల చేపల చెరువుల గట్లు యంత్రాలతో పగలగొట్టారు. చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. సరస్సుకు పాత ఫ్లాపీ ఉండదు.

ఇక 1980. ఐబీఎం రహస్యంగా పర్సనల్ కంప్యూటర్ చేస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ముందు మైక్రోసాఫ్ట్‌ను అడిగింది. వాళ్ల దగ్గర అప్పుడు అది లేదు. సీపీ/ఎం వాళ్లను కలవమని గేట్సే దారి చూపించాడు. ఐబీఎం బృందం పసిఫిక్ గ్రోవ్ వచ్చిన ఉదయం గ్యారీ తన విమానంలో ఓక్లాండ్ వైపు వెళ్లిన మాట నిజం. అయితే షికారుకు కాదు, బిల్ గాడ్‌బౌట్ అనే కస్టమర్‌ను కలిసే పని మీద. కంపెనీల వాళ్లతో బేరాలు ఎప్పుడూ డొరతీయే చూసేది కాబట్టి ఆ రోజూ ఆమే కూర్చుంది. ఐబీఎం వాళ్లు ముందుగా ఒక రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. ఒప్పందం మరీ ఒకవైపుకే ఒరిగి ఉండటంతో లాయర్‌తో మాట్లాడి ఆమె సంతకం చేయలేదు. మధ్యాహ్నానికి గ్యారీ తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందన్న దాంట్లో ఎవరి కథనం వాళ్లది. బేరం మాత్రం కుదరలేదు. ఆమె చేసింది తప్పని నాకైతే అనిపించదు. చదవకుండా సంతకం పెట్టి ఉంటే ఇదే జనం ఇంకోలా నవ్వేవాళ్లు. చేసిన పొరపాటు అసలు వేరేచోట ఉంది. కొత్త 8086 చిప్‌కు సీపీ/ఎం తేవడంలో డిజిటల్ రీసెర్చ్ ఆలస్యం చేసింది.

ఆ ఆలస్యం వల్లే సియాటెల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్‌లో టిమ్ పాటర్సన్ తన బోర్డుకు తానే ఒక సిస్టమ్ రాసుకున్నాడు. సీపీ/ఎం ప్రోగ్రాములను సులువుగా మార్చుకునేలా, పిలిచే తీరంతా దానిలాగే పెట్టాడు. మైక్రోసాఫ్ట్ ఆ సిస్టమ్‌ను రెండు విడతల్లో మొత్తం 75 వేల డాలర్లకు తీసుకుని ఐబీఎంకు ఇచ్చింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. దాని డాస్ చూసి గ్యారీ మండిపడ్డాడు. కోడ్ ఎత్తుకొచ్చినట్టు తర్వాతి పరిశీలనల్లో ఆధారం దొరకలేదు. కానీ డ్రైవ్‌లకు ఎ, బి అని అక్షరాలు, ఎనిమిదక్షరాల పేరుకు మూడక్షరాల తోక, ఇవన్నీ సీపీ/ఎం అలవాట్లే. సి, ఓ, ఎన్ అక్షరాలతో ఫోల్డర్ ఎవరూ చేయలేరని, ఎందుకో మైక్రోసాఫ్ట్‌కే తెలియదని ఒక ఫార్వర్డ్ మెయిల్ మన కాలేజీల్లో ఏళ్ల తరబడి తిరిగింది. మిస్టరీ ఏమీ లేదు. కీబోర్డు, తెర కలిసిన కన్సోల్‌కు సీపీ/ఎం రోజుల నుంచి ఉన్న పేరది. డాస్ దాన్ని ఉంచింది, విండోస్ తీసేయలేదు.

సాఫ్ట్‌వేర్ కాపీరైట్ చట్టం అప్పటికి అంత స్పష్టంగా లేదు. కోర్టుకు వెళ్లకుండా గ్యారీ ఐబీఎంతో రాజీపడ్డాడు. సీపీ/ఎం-86 కూడా ఐబీఎం అమ్మాలి, కొనేవాళ్లు నచ్చింది ఎంచుకుంటారు, అదీ ఒప్పందం. షాపుకొచ్చేసరికి డాస్ ధర 40 డాలర్లు, సీపీ/ఎం-86 ధర 240. ఎవరు ఏది కొన్నారో చెప్పాల్సిన పనిలేదు.

ఆ తర్వాత ఆయన చేతులు ముడుచుకుని కూర్చున్నాడనుకుంటే పొరపాటు. కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమాన్ని స్టువర్ట్ షెఫే అనే యాంకర్‌తో కలిసి ఏళ్లపాటు నడిపాడు. ప్రత్యర్థుల సరుకును కూడా తెర మీద ఓపిగ్గా వివరించేవాడు. 1985లో ఆయన కంపెనీ గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియాను సీడీ రామ్‌లో తెచ్చింది. సీడీలో వచ్చిన మొదటి విజ్ఞాన సర్వస్వం అదే. డిజిటల్ రీసెర్చ్ చేసిన జెమ్ అనే కిటికీల తెర మీద ఆపిల్ కేసు వేస్తామంది, మార్చక తప్పలేదు. 1988లో డీఆర్-డాస్ వచ్చింది. ఎంఎస్-డాస్ ప్రోగ్రాములన్నీ నడుస్తాయి, పైగా కొన్ని సదుపాయాలు ఎక్కువ. 1990లో దాని ఐదో వెర్షన్ వచ్చాక మైక్రోసాఫ్ట్ కూడా వేగం పెంచక తప్పలేదు. 1991లో ఎంఎస్-డాస్ 5 వచ్చింది. అందులో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు పాత డాస్ ఫైళ్లను ఓల్డ్ డాస్ అనే డైరెక్టరీలో దాచి, వెనక్కి వెళ్లడానికి అన్‌ఇన్‌స్టాల్ ఫ్లాపీ ఒకటి తయారుచేసేది. ఇప్పటి విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌కు తాత వరస అనుకోవచ్చు. అదే ఏడాది నొవెల్ కంపెనీ డిజిటల్ రీసెర్చ్‌ను కొనేసింది. గ్యారీ చేతికి డబ్బు బాగానే వచ్చింది.

డబ్బు కాదు ఆయన్ను తొలిచింది. ఎక్కడికెళ్లినా ఆ విమానం కథే అడిగేవాళ్లు. డొరతీతో 1983లోనే విడాకులయ్యాయి. 1992లో ఆయన చదివిన యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగం 25 ఏళ్ల పండగ చేసుకుంది. అక్కడే పీహెచ్‌డీ చేసిన గ్యారీని పిలిచారు. ప్రధాన ప్రసంగం మాత్రం యూనివర్సిటీకి విరాళమిచ్చిన గేట్స్‌ది. ఆ మంట మీదే కంప్యూటర్ కనెక్షన్స్ అనే ఆత్మకథ రాయడానికి కూర్చున్నాడు. రాసి, కొద్దిమంది ఆత్మీయులకు ఇచ్చాడు. అచ్చు వేయలేదు. తాగుడు అప్పటికే పట్టుకుంది. 1994 జులై 8న మాంటెరీలోని ఒక బార్‌లో తలకు దెబ్బ తగిలింది. ఎలా తగిలిందన్నది ఇప్పటికీ తేలలేదు. మూడు రోజుల తర్వాత, జులై 11న చనిపోయాడు. 52 ఏళ్లు.

ఆత్మకథలో మొదటి భాగాన్ని కుటుంబం అనుమతితో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2016లో బయటపెట్టింది. చివరి అధ్యాయాలు తాగుడుతో సతమతమైన రోజుల్లో రాసినవని, అవి నిజమైన తండ్రిని చూపించవని పిల్లలు వాటిని ఆపేశారు. వాళ్లు చేసింది సబబే అనిపిస్తుంది. ఉన్న భాగం చదివితే, పిల్లలకు పాఠం చెబుతూ సరదాగా పక్కదారి పట్టే మాస్టారు కనిపిస్తాడు.

2014 ఏప్రిల్ 25న పసిఫిక్ గ్రోవ్‌లో లైట్‌హౌస్ అవెన్యూలోని 801 నంబరు ఇంటి ముందు ఐఈఈఈ సంస్థ ఒక ఫలకం పెట్టింది. ఒకప్పుడు డిజిటల్ రీసెర్చ్ ఆఫీసు ఉన్న ఇల్లది. సరిగ్గా అదే నెలలో, 8వ తేదీన, విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. మన షాపులకు ఆ నెల వేరే కారణంతో గుర్తుండిపోయింది. పాతది తీయమనేవాళ్లు, తీసినదాన్ని మళ్లీ పెట్టమనేవాళ్లు, ఇద్దరూ ఒకేసారి వచ్చారు.

అదే ఏడాది అక్టోబర్‌లో మ్యూజియం సీపీ/ఎం తొలి వెర్షన్ల సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. సెకండ్ ఇయర్ కుర్రాళ్లకు కూడా అర్థమయ్యేంత చిన్నది. ఎమ్యులేటర్‌లో 2.2 ఎక్కించుకుంటే తెర మీద ఎ అక్షరం, దాని పక్కన బాణం గుర్తు వస్తాయి. డీఐఆర్ అని కొట్టండి, ఫైళ్ల పేర్లు వరసగా పడతాయి. బయాస్ ఫైలు విడిగా ఉంటుంది, ముందు దాన్నే తెరిచి చూడండి.